మా కాలేజీ ఫుట్‌బాల్ ఆటకి స్టేడియం సగం ఖాళీ. ఏం చేస్తే జనం వస్తారు?

కోనసీమ_కొబ్బరి
ఎమ్మెస్ రెండో ఏడాదిలో ఉన్నాను. మిడ్‌వెస్ట్‌లో ఒక మామూలు స్టేట్ యూనివర్సిటీ, పేరు చెప్పను. ఇక్కడికి వచ్చేదాకా అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట అనే తెలుసు. మొదటి సెమిస్టర్‌లో ల్యాబ్‌లో పక్క సీటు కుర్రాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. ఆ రోజు నుంచి మా ఊళ్లో జరిగిన ఆట ఒక్కటీ వదల్లేదు.

బాధేంటంటే మా వాళ్లు గెలవరు. పోయినేడు గెలిచినవి రెండు. మొన్న శనివారం మూడో క్వార్టర్ అయ్యేసరికి స్టూడెంట్ సెక్షన్‌లో నా వరుసలో మిగిలింది నేనొక్కణ్నే. బ్యాండ్ పిల్లలు మాత్రం చలికి వేళ్లు ఊదుకుంటూ వాయిస్తూనే ఉన్నారు. 35 పాయింట్లు వెనకబడ్డాక కూడా మా లైన్‌మన్ (ముందు నిలబడి అవతలివాళ్లను అడ్డుకునేవాడు) ఒకడు ప్రతిసారీ పరిగెత్తుకెళ్లి, కిందపడ్డ క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరేవాడికి, చెయ్యిచ్చి లేపి, వాడి జెర్సీకి అంటిన నల్ల రబ్బరు ముక్కలు దులుపుతున్నాడు. ముందు వరుసలో ఉన్నాను కాబట్టి కనిపించింది. ఆ అబ్బాయి కోసమైనా ఎవరో ఒకరు అక్కడ కూర్చోవాలి కదా అనిపించింది.

ఓడిపోవడం ఒక్కటే కారణమనుకోను. లోపలున్నవి కనపడే ప్లాస్టిక్ బ్యాగు కాకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. లైబ్రరీ నుంచి సరాసరి వచ్చేవాడు ల్యాప్‌టాప్ బ్యాగు ఎక్కడ పెట్టుకోవాలి? లోపల మంచినీళ్ల సీసా 5 డాలర్లు. శాకాహారికి ప్రెట్‌జెల్ తప్ప ఏమీ దొరకదు. ఆట అవ్వకముందే చివరి బస్సు వెళ్లిపోతుంది. కోచ్‌ని మార్చడం మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నదేంటో చెప్పండి.

రాగిసంగటి_రాజా
గెలిస్తే వస్తారు. అంతే. 2023లో సన్‌రైజర్స్ పట్టికలో అట్టడుగున ఉంది. 2024లో ఉప్పల్‌లో ముంబై మీద 277 కొట్టి, ఫైనల్ దాకా వెళ్లింది. అప్పుడు టికెట్ల కోసం జనం ఎలా కొట్టుకున్నారో గుర్తుందిగా? నీళ్ల సీసా ధర ఎవరైనా అడిగారా?

ఓరుగల్లు_పిల్ల
రాజా అన్నా, 2023లో కూడా ఉప్పల్‌కి నేను వెళ్లాను. ఓడిపోతారని తెలిసే వెళ్లాం. మెట్రో దిగి నడిస్తే స్టేడియం, పక్కన అన్నయ్య, చేతిలో మిరపకాయ బజ్జీ. చిన్నప్పటి నుంచి అలవాటు. కాలేజీ ఫుట్‌బాల్‌తో మనకి ఆ అలవాటు లేదు, అదీ తేడా.

బ్లూమింగ్టన్_బావ
రాజా చెప్పిందానికి ఇండియానా కంటే పెద్ద ఉదాహరణ ఉండదు. నేనిక్కడ 2017 నుంచి ఉన్నాను. ఇది బాస్కెట్‌బాల్ ఊరు, అయిదు జాతీయ టైటిళ్లున్న చోటు. ఫుట్‌బాల్ అంటే స్టేడియం బయట గడ్డిలో టెయిల్‌గేట్. పొద్దున్నే గ్రిల్ వెలిగించి, బంతి విసురుకుంటూ, ఆట మొదలయ్యాక కూడా సగంమంది బయటే ఉండిపోయేవాళ్లు. పెద్ద డివిజన్‌లో చరిత్ర మొత్తం మీద ఎక్కువ ఓటములున్న జట్టు మాదే అనేవాళ్లు, అప్పట్లో అది నిజమే. 2023లో 3 గెలుపులు, 9 ఓటములు.

అప్పుడు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి కోచ్‌గా కర్ట్ సిగ్నెట్టి వచ్చాడు. వయసు అరవై దాటింది. ఎలా నమ్మమంటారు అని అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి అన్నాడు. పాత కాలేజీలో తన దగ్గర ఆడిన పదిమందికి పైగా కుర్రాళ్లను వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11 గెలిచి 2 ఓడాం. 2025లో 16 ఆటలకు 16. మా కాన్ఫరెన్స్ (కాలేజీల లీగు) బిగ్ టెన్ ఫైనల్లో ఒహైయో స్టేట్ మీద 13-10. 2026 జనవరి 19న మయామీ మీద 27-21తో జాతీయ ఛాంపియన్లు. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ తలుపు తియ్యని పక్కింటి ముసలాయన బయటికొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. యాభై ఏళ్లుగా చూస్తున్నాడట.

రాగిసంగటి_రాజా
అదీ! బావ చెప్పాక ఇంక చర్చ ముగిసినట్టే.

ఓరుగల్లు_పిల్ల
ముగియలేదు. ఇండియానా బిగ్ టెన్‌లో ఉంది. టీవీ డబ్బు కోట్లలో వస్తుంది. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు, మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. కొబ్బరి తమ్ముడి కాలేజీ అందులో పదోవంతు పెట్టగలదా? దానికితోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే ఆటగాళ్లు కాలేజీ మారే దారి. చిన్న కాలేజీలో ఎవడైనా బాగా ఆడాడంటే మర్నాడే పెద్ద కాలేజీ నుంచి పిలుపు. సిగ్నెట్టి తెచ్చుకున్న పదిమందీ ఎక్కణ్నుంచి వచ్చారు? ఆ వెనకాల మిగిలిన చిన్న జట్టు సంగతి ఎవరు మాట్లాడతారు?

బ్లూమింగ్టన్_బావ
ఒప్పుకుంటాను. మాకు సంతోషమే గానీ, ఆ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

కెంట్_పాతకాపు
ఒహైయోలో కెంట్ స్టేట్ నాది, చదువు అయిపోయి ఆరేళ్లు. మన తెలుగు పిల్లలు వందల్లో ఉన్న చోటు. అక్కడ 2023లో ఒకే ఒక్క గెలుపు, 2024లో 12 ఆటలూ పోయాయి. ఆ ఏడే టెనెసీ మీద 71-0, పెన్ స్టేట్ మీద 56-0తో ఓడారు. ఎందుకెళ్లి అంత దెబ్బ తింటారంటారా? పెద్ద జట్లు తమ ఊరు రమ్మని డబ్బిస్తాయి. ఆ డబ్బుతోనే చిన్న కాలేజీ ఆటల విభాగం నడుస్తుంది. ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. 2022లో అపలాచియన్ స్టేట్ 15 లక్షల డాలర్లు తీసుకుని టెక్సాస్ ఏ అండ్ ఎం ఇంటికెళ్లి 17-14తో గెలిచొచ్చింది.

వరసగా 21 ఓటముల తర్వాత 2025 ఆగస్టు 30న కెంట్ మెరిమాక్ మీద 21-17తో గెలిచింది. చిన్న డివిజన్ నుంచి వచ్చిన జట్టే, పెద్ద విజయమేం కాదు. నేను డల్లాస్‌లో ఆఫీసు పని పక్కన పెట్టి ఫోన్లో చూస్తున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. 71-0 అప్పుడు కూడా చూశాను కాబట్టే అలా అయింది. ఆ 71-0 చూడనివాడికి ఈ 21-17 విలువ తెలియదు.

పెద్ద పేరున్న కోచ్ నిక్ సేబన్ కెంట్‌లో ఆడినవాడేనని మర్చిపోకండి. తర్వాత ప్రొఫెషనల్ ఆటలో పేరు తెచ్చుకున్న జూలియన్ ఎడెల్‌మన్ అక్కడ క్వార్టర్‌బ్యాక్. చిన్న జట్టు అంటే చిన్నచూపు వద్దు.

గుంటూరు_ఘాటు
నాకొకటి అర్థం కాదు. మా కాలేజీ ఫీజులో ఆటల కోసమని సెమిస్టర్‌కి కొంత లాగుతారు. నేను ఒక్క ఆటా చూడలేదు. లోన్ తీసుకుని వచ్చినవాణ్ని, నా వడ్డీ డబ్బుతో వీళ్లు ఓడిపోవడమేంటి? ఆ డబ్బు లైబ్రరీకి పెట్టమనండి.

కోనసీమ_కొబ్బరి
ఘాటు బ్రో, నీ కోపం సరైనదే, నా లోన్ కూడా 42 లక్షలు. కానీ ఫీజు ఎలాగూ కట్టేశాం, దానికి టికెట్ ఉచితంగా ఇస్తున్నారు. కట్టిన డబ్బుకి ఒక సాయంత్రం కూడా వాడుకోకపోతే ఇంకా నష్టం కదా?

గుంటూరు_ఘాటు
అలా అంటే ఆలోచించాలి. కానీ ఫీజు ఎంతో, ఎక్కడికి పోతోందో లెక్క చెప్పమనడం మానను.

లారెన్స్_అక్క
మానకు, అడుగు. స్టూడెంట్ సెనేట్‌లో ఆ లెక్కలు అడిగితే ఇవ్వాల్సిందే.

నాది కాన్సస్. 2015లో 12 ఆటలకు 12 పోయిన జట్టు. సొంత కాన్ఫరెన్స్‌లో బయటి ఊళ్లలో వరసగా 56 ఓటములు. 2021 నవంబర్ 13న టెక్సాస్ ఊళ్లో, ఓవర్‌టైమ్‌లో, టచ్‌డౌన్ చేశాక ఒక్క పాయింటు కిక్ కొట్టి సమం చేసే వీలున్నా, గెలిపించే రెండు పాయింట్ల కోసం వెళ్లారు. బంతి పట్టింది స్కాలర్‌షిప్ కూడా లేని కుర్రాడు. 57-56. మర్నాటి నుంచి ఊరంతా అతని పేరే.

కోచ్ లాన్స్ లైపోల్డ్ వచ్చి అప్పటికి ఏడు నెలలు కాలేదు. మరుసటి ఏడు వరసగా మొదటి అయిదు గెలిచాం, ఈఎస్‌పీఎన్ వాళ్ల శనివారం షో మా క్యాంపస్‌కి వచ్చింది. 2023లో ఓక్లహోమా మీద గెలిచిన రోజు గోల్‌పోస్టు పీకి భుజాల మీద మోసుకెళ్లి పాటర్ చెరువులో పడేశారు. ఆ గుంపులో చీర మీద జట్టు జాకెట్ వేసుకున్న మా అమ్మ కూడా ఉంది, చూడ్డానికి వచ్చిన నెల అది.

కానీ రాజా గారూ, గెలిచాకే స్టేడియం బాగు చేయలేదు. గెలవడం, స్టేడియం పడగొట్టి కట్టడం పక్కపక్కనే నడిచాయి. 2024లో సొంతూళ్లో ఆడాల్సిన ఆటలన్నీ కాన్సస్ సిటీలో ఆడాల్సొచ్చింది, 2025 ఆగస్టులో కొత్త స్టేడియంలోకి వచ్చాం. ఆ మధ్య ఏడాది ఊళ్లో ఆట లేకపోతే శనివారం ఎంత బోసిగా ఉంటుందో తెలిసింది.

ఆమ్హర్స్ట్_అబ్బాయి
అక్క చెప్పిన "ఊళ్లో ఆట లేకపోతే" అన్నదే అసలు పాయింట్. మా యూమాస్ (మసాచుసెట్స్ యూనివర్సిటీ) కథ వినండి. 1998లో చిన్న డివిజన్‌లో జాతీయ ఛాంపియన్లు. 2012లో పెద్ద డివిజన్‌కి మారినప్పుడు, క్యాంపస్‌లో ఉన్న 17,000 సీట్ల స్టేడియం చాలదని, మన జట్టు ఆటలు ఫాక్స్‌బరోలో జిల్లెట్ స్టేడియంలో పెట్టారు. దేశంలో పేరున్న స్టేడియం, 65 వేలమందికి పైగా పడతారు. ఆమ్హర్స్ట్ నుంచి దాదాపు 90 మైళ్లు. కారు లేని స్టూడెంట్ ఆదివారం హోంవర్కు వదిలేసి అంత దూరం ఎందుకెళ్తాడు? ఆ సీట్లలో మన వాళ్లు కూర్చుంటే సముద్రంలో కాకిరెట్టలా ఉండేది. తర్వాత ఆటలు మళ్లీ క్యాంపస్‌కి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఒకసారి తెగిన అలవాటు అంత తేలిగ్గా అతకదు.

రాగిసంగటి_రాజా
సరే, ఒక మెట్టు దిగుతున్నాను. గెలిచినా 90 మైళ్లు ఎవరూ పోరు. పులివెందుల నుంచి కడప పోవడానికే మా నాన్న పది సాకులు చెప్తాడు.

హూస్టన్_బాబాయి
ఇద్దరు పిల్లల్తో వెళ్లేవాడి లెక్క వేరు. టికెట్ కాదు నన్ను ఆపేది, తిండి. నలుగురం ఒక ఆటకెళ్తే లోపల తిండికే వంద డాలర్లు. అట్లాంటాలో ఫాల్కన్స్ కొత్త స్టేడియం 2017లో తెరిచినప్పుడు హాట్‌డాగ్ 2 డాలర్లు, ఎన్నిసార్లయినా నింపుకునే కూల్‌డ్రింక్ 2 డాలర్లు పెట్టారు. ధరలు సగానికి దించినా మనిషికి ఖర్చు 16 శాతం పెరిగింది. జనం ముందుగా వచ్చి లోపలే తిన్నారు. అది ప్రొఫెషనల్ జట్టు, నిజమే, కానీ ఆకలి అందరికీ ఒకటే. కాలేజీ వాళ్లకి ఈ ఒక్క లెక్క చూపించండి.

వైజాగ్_అల
బాబాయ్, ఆటకి మూడున్నర గంటలు పడుతుంది కదా, ఆకలెయ్యదా మరి. 60 నిమిషాల ఆటకి అంతసేపేంటో ముందు నాకు చెప్పండి. టీవీ ప్రకటన వచ్చినప్పుడల్లా ఆటగాళ్లు నిలబడి ఉంటారు, మనం గడ్డకట్టి ఉంటాం.

కెంట్_పాతకాపు
2023లో ఫస్ట్ డౌన్ వచ్చినప్పుడల్లా గడియారం ఆపే పద్ధతి తీసేశారు, ఒక్కో సగంలో చివరి రెండేసి నిమిషాల్లో తప్ప. కొంచెం తగ్గింది. ప్రకటనల్ని మాత్రం ఎవరూ తగ్గించరు. ఆ విరామంలో స్క్రీన్ మీద కారు ప్రకటన వేసే బదులు ఆటగాడి చిన్ననాటి ఫొటోలు, వాడి ఊరు, వాళ్లమ్మ మాట వెయ్యొచ్చు. పేరు తెలిసినవాణ్ని వదిలేసి వెళ్లడం కష్టం.

ఓరుగల్లు_పిల్ల
అయోవాలో మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియం మొత్తం లేచి, పక్కనే ఉన్న పిల్లల ఆసుపత్రి కిటికీల వైపు చేతులూపుతుంది. 2017లో మొదలైంది. రెండు జట్లూ, రిఫరీలూ అందరూ. పై అంతస్తులో పిల్లలు తిరిగి ఊపుతారు. పైసా ఖర్చు లేదు. నేను ఒక్కసారే చూశాను, ఆ రోజు ఎవరు గెలిచారో గుర్తు లేదు.

వైజాగ్_అల
ఈ ఫస్ట్ డౌన్ గొడవ నాకు ఇప్పటికీ ఎక్కదు. ఎవరైనా మన భాషలో చెప్పండి.

హూస్టన్_బాబాయి
మా చిన్నాడికి ఇలా చెప్పాను. ఓవర్‌కి నాలుగే బంతులనుకో. నాలుగు బంతుల్లో పది పరుగులు చెయ్యాలి. చేస్తే ఇంకో నాలుగు బంతుల కొత్త ఓవర్ నీకే. చెయ్యకపోతే బ్యాటు అవతలి వాళ్లకి. పరుగుల బదులు గజాలు. మూడు బంతులైపోయి ఇంకా చాలా దూరముంటే, నాలుగో దాంట్లో బంతిని దూరంగా తన్నేస్తారు, అవతలివాళ్లు వెనకనుంచి మొదలెట్టాలని. ఇంత తెలిస్తే ఆటలో ముప్పావు వంతు తెలిసినట్టే.

వైజాగ్_అల
ఓరి దేవుడా, రెండేళ్లుగా ఇది ఎవరూ చెప్పలేదు!!

లారెన్స్_అక్క
కొబ్బరీ, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది చూడు. అలలాంటి వాళ్లు మీ కాలేజీలో ఎంతమంది ఉంటారు? వాళ్లు జట్టు ఓడిందని వెళ్లిపోవట్లేదు, ఏం జరుగుతోందో తెలియక వెళ్లిపోతున్నారు. పక్కన ఒక మనిషి కూర్చుని చెప్తే చాలు.

బర్మింగ్‌హామ్_డాక్టరమ్మ
మామూలుగా నేను చదివి ఊరుకుంటాను, ఇది మాత్రం రాయాలి. 2014 డిసెంబర్ 2న యూఏబీ (మా ఊళ్లోని అలబామా యూనివర్సిటీ) ఫుట్‌బాల్ జట్టునే మూసేశారు, ఖర్చు భరించలేమని. ఆ ఏడు ఆరు గెలిచి ఆరు ఓడారు, మరీ చెడ్డగా కూడా ఆడలేదు. నేనప్పుడు రెసిడెన్సీలో ఉన్నాను. డ్యూటీ దిగి వస్తుంటే రోడ్డు మీద కుర్రాళ్లు ఏడుస్తున్నారు, అంత లావు మనుషులు.

ఊరు ఊరుకోలేదు. స్టూడెంట్లు, పాత ఆటగాళ్లు, వ్యాపారస్తులు, పోయినేడు దాకా ఆట మొహం చూడనివాళ్లు కూడా చందాలు వేశారు. 2015 జూన్ 1న జట్టుని తిరిగి పెడుతున్నామని ప్రకటించారు. రెండు సీజన్లు ఆట లేదు. కోచ్ బిల్ క్లార్క్ వెళ్లిపోకుండా, ఆటలే లేని జట్టుకి ప్రాక్టీసు చేయించాడు. 2017లో మైదానంలోకి వచ్చి 8 గెలిచారు. 2018లో కాన్ఫరెన్స్ ఛాంపియన్లు. రాజా గారన్నట్టు గెలిస్తే జనం వస్తారు, నిజమే. ఇక్కడ మాత్రం జనం ముందొచ్చారు, గెలుపు తర్వాతొచ్చింది.

రాగిసంగటి_రాజా
డాక్టరమ్మ గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. దణ్ణం.

ఆమ్హర్స్ట్_అబ్బాయి
చలికాలం చిట్కా ఒకటి: అల్యూమినియం బెంచీల మీద కాళ్ల కింద అట్టముక్క వేసుకోండి. పాదాల నుంచే చలి ఎక్కేది. దుప్పటికంటే ఇది ముఖ్యం. అమెజాన్ డబ్బాలు పారెయ్యకండి.

గుంటూరు_ఘాటు
కొబ్బరీ, ఈ శనివారం ఆట ఉందన్నావుగా? నేను మీ ఊరికి నలభై నిమిషాలే. పులిహోర నేను తెస్తాను. నచ్చకపోతే మొహం మీదే చెప్తా.

కోనసీమ_కొబ్బరి
(తొమ్మిది రోజుల తర్వాత)
ఆలస్యంగా రాస్తున్నాను, మిడ్‌టర్మ్‌లు.

కొత్తగా వచ్చిన జూనియర్ల వాట్సాప్ గ్రూపులో బాబాయి నాలుగు బంతుల వివరణ యథాతథంగా పెట్టాను. "పులిహోర ఉంది, బ్యాగు తేవద్దు" అని కింద రాశాను. అయిదారుగురు వస్తారనుకుంటే పందొమ్మిదిమంది వచ్చారు. పార్కింగ్ లాట్‌లో ఘాటు బ్రో కారు డిక్కీ తీసి పేపర్ ప్లేట్లలో వడ్డిస్తుంటే పక్కన గ్రిల్ దగ్గరున్న అమెరికన్ కుటుంబం వచ్చి రుచి చూసింది. వాళ్లాయన రెండోసారి కూడా వడ్డించుకున్నాడు, ఎండుమిరపకాయ కొరికి కాసేపు మాట్లాడలేకపోయాడు.

బస్సు సంగతి స్టూడెంట్ సెనేట్‌లో అడిగాను. ఆట ముగిశాక అరగంట దాకా ఒకటి ఉంచుతామన్నారు, ఈ నెలకి ప్రయోగంగా. బ్యాగు నియమం మారదట. నీళ్ల ధర గురించి ఇంకా ఏమీ చెప్పలేదు, మళ్లీ అడుగుతాను. ఘాటు అడగమన్న ఫీజు లెక్క కూడా రాతపూర్వకంగా అడిగాను.

ఓడిపోయాం. 27-24. చివరి నిమిషంన్నరలో మా వాళ్లు నాలుగో బంతి మీద రెండు గజాల కోసం వెళ్లారు. మన వరుసంతా నిలబడి అట్టముక్కల్ని బెంచీలకేసి కొడుతున్నారు, తెలుగులో అరుస్తున్నారు. అరగజం తక్కువైంది. ఒక్కరు కూడా లేవలేదు. నెల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మాయికి నిన్నటిదాకా ఈ ఆటలో బంతి గుండ్రంగా ఉండదని తెలియదు, రిఫరీ కొలిచింది తప్పని ఇంటికెళ్లేదాకా వాదించింది.

ఆట అయ్యాక ఆ లైన్‌మన్ రెయిలింగ్ దగ్గరికి వచ్చాడు, నేను మొదట రాసిన అబ్బాయే. వరసగా అందరి చేతుల్నీ తాకుతూ, మీరంతా ఎక్కణ్నుంచి అని అడిగాడు. ఇండియా, తెలుగు వాళ్లం అన్నాం. మళ్లీ వస్తారా అన్నాడు. గ్లవ్స్ తీసేశాడు, చిటికెన వేలికి టేపు చుట్టి ఉంది.

గుంటూరు_ఘాటు
ఆ కొలత తప్పే. నేనూ చూశాను. తర్వాతిది ఎప్పుడు?

కోనసీమ_కొబ్బరి
మంగళవారం రాత్రి 7కి, టీవీ వాళ్ల కోసం వారం మధ్యలో పెట్టారు. అట్టముక్కలు నా రూమ్‌లోనే ఉన్నాయి.